మిషిగన్‌లో పాత పిన్‌బాల్ మెషిన్ దొరికింది, కొనాలా? కొన్నేళ్ళకి హైదరాబాద్ తీసుకెళ్తే నడుస్తుందా?

శీను_నోవై
అందరికీ నమస్తే. మా పక్క కాలనీలో ఒక పెద్దాయన పోయారు, పిల్లలు ఇల్లు ఖాళీ చేస్తూ సామాన్లన్నీ అమ్మకానికి పెట్టారు. కుర్చీలేమైనా దొరుకుతాయేమోనని వెళ్తే బేస్‌మెంట్‌లో దుప్పటి కప్పి ఉన్న గాట్‌లీబ్ కంపెనీ పిన్‌బాల్ మెషిన్ (వాలు బల్ల మీద ఇనప బంతిని కొట్టి స్కోరు తెచ్చుకునే ఆట) కనపడింది. 1960ల నాటిది, ఒక్కరే ఆడేది, బొమ్మల అద్దం ఉన్న తలపెట్టె పైన వెడల్పుగా ఉండి కిందికొచ్చేసరికి సన్నబడుతుంది. స్కోరుకి తెర లేదు, అంకెలున్న చక్రాలు తిరుగుతాయట. 900 డాలర్లు అడుగుతున్నారు. ప్లగ్ పెట్టి చూపించండి అంటే చాలా ఏళ్ళయింది, మాకు భయం అన్నారు.

నాకు సోల్డరింగ్ వచ్చు, అంతకు మించి ఏమీ రాదు. కొనొచ్చా? ఇంకో విషయం, కొన్నేళ్ళలో హైదరాబాద్ వెనక్కి వెళ్ళే ఆలోచన ఉంది, అక్కడ 230 వోల్ట్‌లకి ఇది నడుస్తుందా? మా ఆవిడ గ్యారేజ్‌లో పెట్టుకుంటే సరే అంది, అంటే సగం ఒప్పుకున్నట్టే.

రిలే_రావు
శీనూ, ప్లగ్ పెట్టనందుకు వాళ్ళకి దండం పెట్టు. నువ్వు కూడా పెట్టకు. అరవై ఏళ్ళ నాటి వైరు తొడుగు ఎండి పెళుసైపోయి ఉంటుంది, రెండు పిన్నుల ప్లగ్, ఎర్తింగ్ లేదు. ఏదైనా రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) ఇరుక్కుని కాయిల్‌కి, అంటే రాగి తీగ చుట్టకి, ఆగకుండా కరెంటు పోతుంటే నిమిషాల్లో పొగ వస్తుంది.

సోల్డరింగ్ వస్తే చాలు, నిజంగా చెప్తున్నా. ఆ కాలపు మెషిన్‌లో చిప్ ఒక్కటి కూడా ఉండదు. బంతి బంపర్‌కి తగిలితే స్విచ్ మూసుకుంటుంది, ఆ కరెంటుకి ఒక రిలే లాగుతుంది, ఆ రిలే స్కోరు చక్రం కాయిల్‌కి కరెంటిస్తుంది, చక్రం ఒక అంకె ముందుకి జరుగుతుంది. ఒకే దెబ్బకి 50 పాయింట్లు రావాలంటే అడుగున స్కోర్ మోటార్ అని ఒకటుంటుంది, అది తిరుగుతూ దాని కామ్‌లు (మిట్టలున్న చక్రాలు) ఒక స్విచ్‌ని ఐదు సార్లు నొక్కుతాయి. నువ్వు వినే టక్ టక్ టక్ అదే. అంటే కంప్యూటర్ చేసే పనంతా కళ్ళ ముందు ఇనుముతో, రాగి తీగతో జరుగుతుంటుంది. చూస్తూ నేర్చుకోవచ్చు.

వెళ్ళి మొదట చూడాల్సింది మెషిన్ కాదు, తలపెట్టె అద్దం. బొమ్మ అద్దం వెనక వైపు అచ్చువేసిన రంగు. బల్బుల వేడికి, బేస్‌మెంట్ చెమ్మకి పెచ్చులు లేస్తుంది. కాయిళ్ళు, రబ్బరు రింగులు, స్విచ్‌లు అన్నీ ఈరోజుకీ కొత్తవి దొరుకుతాయి, అసలు అద్దం మాత్రం ఇంకో మెషిన్ నుంచి రావాల్సిందే. పెచ్చులు లేస్తుంటే చేత్తో ముట్టుకోకు, గుడ్డతో తుడవకు. తుడిస్తే హీరోయిన్ ముఖం గుడ్డకి అంటుకొస్తుంది.

రెండోది, ముందు తలుపు తెరిచి లోపల మడతపెట్టిన సర్క్యూట్ డయాగ్రం కాగితం ఉందేమో చూడు. ఉంటే పండగే.

డల్లాస్_దొర
900 డాలర్లు పెట్టి తుప్పు సామానా? ఫోన్‌లో పిన్‌బాల్ ఫ్రీగా ఉంది కదా బ్రో. ఇలాంటివి కొన్నవాళ్ళు చివరికి బట్టలు ఆరేసుకుంటారు దాని మీద, ట్రెడ్‌మిల్ లాగా.

రమణి_రెడింగ్
దొరగారూ, ఫోన్‌ని నడుంతో తోసి బంతిని కాపాడుకోగలరా? అసలు ఆటంతా ఆ తోయడంలోనే ఉంది. ఎక్కువ తోస్తే లోపల రింగు మధ్యలో వేలాడే గుండు రింగుకి తగిలి టిల్ట్ పడుతుంది, ఆ బంతి పోయినట్టే. తెర మీద ఆడేది వేరే ఆట, దాన్ని తప్పుపట్టట్లేదు.

శీను గారూ, నాణెం వేసే భాగం ఎలా ఉందో కూడా చూడండి. చాలామంది ఇంట్లో ఆడుకోవడానికి దాన్ని పీకేసి ఒక బెల్లు బటన్ పెట్టేస్తారు. నాకు అది చూస్తే ఒళ్ళు మండుతుంది. నాణెం వెయ్యకుండా ఆడే మెషిన్ నాకైతే సగం మెషినే.

ఇక్కడ యూకేలో నాణెమే చాలా మెషిన్లకి యముడైంది. 1971 ఫిబ్రవరి 15న పాత పెన్నీలు, షిల్లింగులు పోయి దశాంశ నాణేలొచ్చాయి. పాత పెన్నీ దాదాపు 31 మిల్లీమీటర్లు, 9.4 గ్రాములు. కొత్త పెన్నీ 20 మిల్లీమీటర్ల చిన్న బిళ్ళ. సముద్రం ఒడ్డు ఆర్కేడ్‌లలో గోడకి తగిలించే బంతి ఆటలు, జాతకం చెప్పే బొమ్మలు, నాణెం వేస్తే తలుపులు తెరుచుకుని దయ్యాలొచ్చే చిన్న చిన్న బొమ్మల పెట్టెలు, అన్నీ ఆ పెద్ద పెన్నీ బరువుకి లివర్ కదిలేలా చేసినవి. కొన్నిటిని మార్చారు, చాలావాటిని చెత్తలో వేశారు. ఇప్పుడు పాత మెషిన్లు ఆడనిచ్చే చోట్ల కౌంటర్‌లో మన డబ్బు తీసుకుని పాత పెన్నీలే చేతిలో పెడతారు. నా దగ్గరున్న గోడ మెషిన్ పక్కన కూడా ఒక డబ్బా నిండా అవే ఉంటాయి.

కోఠి_చిల్లర
రమణి గారు చెప్పింది అక్షరాలా నా బాధ. నా దగ్గర పిన్‌బాల్ లేదు, రైల్వే ప్లాట్‌ఫాం మీద ఉండే బరువు మిషన్ ఉంది. పళ్ళెం ఎక్కితే రంగు బల్బులు వెలుగుతూ ఆరుతూ, గాజు వెనక చక్రం గిర్రున తిరిగేది. అది ఆగాక నాణెం వేస్తే చిన్న అట్ట టికెట్ పడేది, ఒక పక్క బరువు, ఇంకో పక్క సినిమా స్టార్ బొమ్మో, జాతకం మాటలో. పాత ఇనప సామాను కొట్లో దొరికింది. బరువు తూచే మిషన్ని కిలోల లెక్కన కొన్నా, కొట్టాయన కూడా నవ్వాడు.

బల్బులు, మోటార్ బాగయ్యాయి. సమస్య నాణెం. మన రూపాయి ఎన్ని సార్లు మారిందో చూడండి. 1975 రకం 28 మిల్లీమీటర్లు 8 గ్రాములు, 1983 తర్వాత 26 మిల్లీమీటర్లు 6 గ్రాములు, 1992 నుంచి స్టీలుది 25 మిల్లీమీటర్లు 4.85 గ్రాములు, 2011లో వచ్చింది 22 మిల్లీమీటర్లు కూడా లేదు, బరువు 3.79 గ్రాములు. నా మిషన్‌ని ఎవరో ఆ 25 మిల్లీమీటర్ల స్టీలు రూపాయికి సర్దారు. ఇప్పటి రూపాయి వేస్తే సందులోంచి జారి కిందికి వచ్చేస్తుంది, టికెట్ రాదు. కిరాణా కొట్లవాళ్ళని బతిమాలి పాత స్టీలు రూపాయిలు ఏరి సంచిలో పెట్టుకున్నా.

అట్ట టికెట్లు ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి. అచ్చువేయించా కానీ మందం సరిపోక రెండేసి పడుతున్నాయి.

బెజవాడ_ప్లేయర్1
అన్నా ఆ టికెట్లు చిన్నప్పుడు పోగేసేవాళ్ళం, బరువు ఎవడిక్కావాలి, బొమ్మ కోసం.

నా పిచ్చి వేరే. తొంభైలలో వీడియో గేమ్ పార్లర్లు గుర్తున్నాయా, అద్దె గదిలో ప్లైవుడ్ డబ్బాలు, లోపల మామూలు కలర్ టీవీ ట్యూబ్, కౌంటర్‌లో రూపాయికి ఒక టోకెన్. "ముస్తఫా గేమ్" అనేవాళ్ళం, అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్, క్యాప్‌కామ్ 1993లో తెచ్చింది, అందులో ముస్తఫా అనే హీరో పేరే మన ఊళ్ళలో గేమ్‌కి ఖాయమైపోయింది. ఆ గేమ్ సర్క్యూట్ బోర్డు ఒకటి కొన్నా, ఒరిజినల్ అని చెప్పి అమ్మాడు. ఆడుతుంది కానీ సౌండ్ సరిగా లేదు. ఎవరైనా చూస్తారా?

సోల్డర్_సుబ్బు
బెజవాడ తమ్ముడూ, రెండిట్లో ఒకటి. మన దేశంలో తిరిగినవాటిలో ఎక్కువ నకిలీ బోర్డులే, వాటిలో క్యూసౌండ్ అనే అసలు సౌండ్ భాగం ఉండదు, చౌక సౌండ్ చిప్ పెట్టి లాగించేస్తారు. లేదా నిజంగా ఒరిజినల్ అయితే బ్యాటరీ సంగతి చూడు. సౌండ్ నడిపే ప్రాసెసర్ ప్రోగ్రాం రహస్య సంకేతంలో ఉంటుంది, దాన్ని విప్పే తాళంచెవి చిన్న బ్యాటరీతో బతికే మెమరీలో ఉంటుంది. బ్యాటరీ చచ్చిందా, తాళంచెవి పోయినట్టే. కలెక్టర్లు దాన్ని సూసైడ్ బ్యాటరీ అంటారు. ఇప్పుడు ఆ తాళాన్ని మళ్ళీ ఎక్కించే దారులున్నాయి, కంగారు పడకు. బోర్డు రెండు వైపులా ఫోటోలు పెట్టు. ఈలోపు టీవీ ట్యూబ్ వెనక చెయ్యి పెట్టకు. స్విచ్ ఆపేసినా ట్యూబ్‌లో వేల వోల్ట్‌లు నిలవ ఉంటాయి, సరిగా డిశ్చార్జ్ చెయ్యడం తెలిసినవాళ్ళతోనే ఆ పని.

ఇప్పుడు శీను ప్రశ్న, హైదరాబాద్‌లో నడుస్తుందా అని. నడుస్తుంది, కానీ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొంటే అయిపోయిందనుకోకు. అది వోల్ట్‌లు తగ్గిస్తుంది, ఫ్రీక్వెన్సీ మార్చదు. అమెరికాలో 60 హెర్ట్జ్, మనకి 50. మెషిన్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ 60కి లెక్కకట్టి చుట్టింది. అదే 115 వోల్ట్‌లు 50 హెర్ట్జ్ దగ్గర ఇస్తే లోపలి ఇనప కోర్ అయస్కాంతశక్తితో నిండిపోయి వేడెక్కుతుంది. 115ని 60తో భాగించి 50తో గుణిస్తే సుమారు 96 వస్తుంది. అందుకని 230 నుంచి 100 వోల్ట్‌లకి దించే ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించుకో, మన దగ్గర చెప్పినట్టు చుట్టిచ్చేవాళ్ళు ఉన్నారు. బంతిని కొట్టే ఫ్లిప్పర్లు కాస్త నీరసిస్తే లోపలి ట్రాన్స్‌ఫార్మర్‌లో ఎక్కువ వోల్ట్‌లిచ్చే ఇంకో తీగ కొన (ట్యాపింగ్) ఉందేమో చూడొచ్చు, అది కూడా వేడి చెయ్యి పెట్టి చూసుకుంటూ. స్కోర్ మోటార్ ఆరింట ఐదు వంతుల వేగంతో తిరుగుతుంది, టక్ టక్ కొంచెం నిదానంగా వినపడుతుంది, అంతే.

చెదలు మరిచిపోకు. ప్లైవుడ్ పెట్టె, కింది అంతస్తు గది, మన వానాకాలం. కాళ్ళు ఇనపవే కానీ గోడకి ఆనించి పెడితే చెద గోడ మీంచి ఎక్కుతుంది.

శీను_నోవై
సుబ్బు గారూ, ఈ 50-60 సంగతి ఇక్కడ మమ్మల్ని ఎవరూ హెచ్చరించలేదు, థాంక్యూ. ఇంకో డౌట్, అక్కడికెళ్ళాక మన ఐదు రూపాయల బిళ్ళతో ఆడేలా చెయ్యొచ్చా? పిల్లలకి బాగుంటుంది.

సోల్డర్_సుబ్బు
వద్దు. ఇది క్వార్టర్ (పావు డాలర్ నాణెం) మెషిన్ అనుకుంటే, క్వార్టర్ 24.26 మిల్లీమీటర్లు, 5.67 గ్రాములు. లోపల నాణేన్ని పరీక్షించే చిన్న ఊయల ఉంటుంది, సరైన వ్యాసం ఉంటేనే దాని మీద ఆగి, సరైన బరువుంటేనే దాన్ని తిప్పి పంపిస్తుంది. మన పాత ఐదు రూపాయలు 23 మిల్లీమీటర్లు, ఊయల మధ్యలోంచి రాలిపోతుంది. 2019 నుంచి వస్తున్న ఐదు రూపాయలు, పాత స్టీలు రూపాయి 25, సందులోనే పట్టవు. పట్టినా దారిలో ఒక అయస్కాంతం ఉంటుంది, దొంగ ఇనప బిళ్ళలు వెయ్యకుండా. మన స్టీలు నాణేలు అయస్కాంతానికి అంటుకునేవే, అక్కడే వేలాడతాయి. అమెరికా వాళ్ళకీ ఈ తలనొప్పి వచ్చింది, యుద్ధం వల్ల రాగి కొరతై 1943లో ఇనప సెంటు నాణేలు వేస్తే వెండింగ్ మెషిన్లు వాటిని దొంగ బిళ్ళలే అనుకున్నాయి.

వచ్చేటప్పుడు ఒక డబ్బా క్వార్టర్లు తెచ్చుకో, అవే తిరుగుతుంటాయి. రమణి గారి పెన్నీల పద్ధతే.

బెజవాడ_ప్లేయర్1
ఇంత గొడవ ఎందుకు, క్యూఆర్ కోడ్ అంటించండి. కోఠి అన్నా, నీ బరువు మిషన్‌కి కూడా ఫోన్‌పే పెట్టు, స్కాన్ చేస్తే టికెట్. ఈరోజుల్లో జేబులో చిల్లర ఎవరికుంది.

కోఠి_చిల్లర
మా మేనల్లుడు కూడా ఇదే అన్నాడు, వాణ్ణి ఆ రోజు భోజనానికి పిలవలేదు 😀

రమణి_రెడింగ్
పెట్టండి పెట్టండి, పక్కనే బ్లూటూత్ స్పీకర్ కూడా పెట్టండి. అది ప్లాట్‌ఫాం బరువు మిషన్ బాబూ, ఏటీఎం కాదు.

బెజవాడ_ప్లేయర్1
అక్కా మీరు లండన్ దగ్గర కూర్చుని అంటారు. ఇక్కడ దాన్ని పదిమంది వాడితేనే బతుకుతుంది. ఇంట్లో ముసుగేసి దాచుకుంటే ఇనప కొట్లో ఉన్నదానికీ దీనికీ తేడా ఏంటి?

రిలే_రావు
ఇద్దరిదీ కొంత నిజమే కానీ నేను రమణి వైపు. శాన్ ఫ్రాన్సిస్కోలో పియర్ 45 మీద మ్యూజీ మెకానిక్ ఉంది, బే ఏరియా వాళ్ళు చూసే ఉంటారు. ఎడ్వర్డ్ జెలిన్‌స్కీ అనే ఆయన చిన్నతనం నుంచి పోగేసినవి, 300కి పైన మెషిన్లు. లోపలికి టికెట్ లేదు, మెషిన్‌లో నాణెం వేసి ఆడటమే. శాన్ క్వెంటిన్ జైలు ఖైదీలు పళ్ళు కుట్టుకునే పుల్లలతో కట్టిన జెయింట్ వీల్ లాంటివి కూడా ఉన్నాయి, నాణెం వేస్తే తిరుగుతాయి. జనం వాడుతుంటేనే బతుకుతాయన్నది నిజం, కానీ అక్కడ జనం నాణేలతోనే వాడుతున్నారు. మిషిగన్‌లో మీకూ ఒకాయన ఉండేవారు, మార్విన్ యగోడా, ఫార్మసిస్టు. 1990లో ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక షాపింగ్ సెంటర్‌లో ఇలాంటివే పెట్టి జనాన్ని ఆడించారు. 2017లో పోయారు. శీను, నీకు నోవై నుంచి పక్క ఊరే కదా, ఆ మ్యూజియం గురించి కనుక్కో.

సోల్డర్_సుబ్బు
క్యూఆర్ గొడవ తేల్చుకోండి ఇలా. నాణెం పడ్డప్పుడు ఒక స్విచ్ మూసుకుంటుంది కదా, దానికి సమాంతరంగా చిన్న రిలే కలిపితే చాలు, ఫోన్‌లో డబ్బు పడగానే ఆ రిలే క్షణం సేపు మూసుకుంటుంది. నాణెం దారి అలాగే ఉంటుంది. రంధ్రం పెట్టకూడదు, వైరు కొయ్యకూడదు, రేపు పీకేస్తే ఆనవాలు ఉండకూడదు. ఈ షరతు మీద ఏమైనా చేసుకోండి. డ్రిల్ పట్టుకున్నవాడితో నేను మాట్లాడను.

డల్లాస్_దొర
సరే నవ్వడం ఆపి సీరియస్‌గా అడుగుతున్నా. ఇవి జూదం కిందకి రావా? పిన్‌బాల్‌ని అమెరికాలో బ్యాన్ చేశారని ఎక్కడో విన్నా.

రిలే_రావు
చేశారు. 1931లో గాట్‌లీబ్ బాఫిల్ బాల్ అనేది తెచ్చినప్పుడు ఫ్లిప్పర్లు లేవు, బంతి వదిలేసి మేకుల మధ్య ఎక్కడ పడుతుందో చూడటమే, అదృష్టం పాలే ఎక్కువ, దాని మీద పందేలు. న్యూయార్క్ మేయర్ లాగార్డియా 1942లో నిషేధించి, సుత్తితో పగలగొడుతూ ఫోటోలకి నిలబడ్డాడు. ఫ్లిప్పర్లు 1947లో హంప్టీ డంప్టీ అనే మెషిన్‌తో వచ్చాయి, అదీ గాట్‌లీబ్‌దే, అప్పటి నుంచి ఇది చేతి నేర్పు ఆట అయింది. అయినా న్యూయార్క్‌లో నిషేధం 1976 దాకా పోలేదు, రోజర్ షార్ప్ అనే ఆయన కౌన్సిల్ వాళ్ళ ముందు ఆడి, బంతి ఎటు పోతుందో ముందే చెప్పి కొట్టి చూపించాక ఎత్తేశారు. ఇప్పుడు పిన్‌బాల్‌తో ఏ సమస్యా లేదు. స్లాట్ మెషిన్ వేరు, దానికి రాష్ట్రానికో రూలు. మా కాలిఫోర్నియాలో 25 ఏళ్ళు దాటినదైతే ఇంట్లో పెట్టుకోవచ్చు, దాంతో జూదం ఆడించకూడదు. ఇండియాకి మాత్రం స్లాట్ మెషిన్ తీసుకెళ్ళే ఆలోచన ఎవరికైనా ఉంటే ముందు లాయర్‌ని కలవండి.

శీను_నోవై
అప్‌డేట్. మళ్ళీ వెళ్ళి టార్చ్ వేసి చూశా. అద్దం చాలావరకు బాగుంది, కింద ఎడమ మూల కొంచెం పెచ్చులు లేచింది, ముట్టుకోలేదు. సర్క్యూట్ కాగితం ఉంది!! తలుపు లోపల కవర్‌లో. నాణెం భాగం అలాగే ఉంది, క్వార్టర్‌దే. అడుగున ఎలుక గూడు, పాత రసీదులు, ఒక 1964 క్వార్టర్ కూడా దొరికింది, అది వెండిదట కదా, వాళ్ళకే ఇచ్చేశా. 650కి అడిగితే కాసేపు ఆలోచించి 700 అన్నారు. ఒప్పుకున్నా.

ఇంటికి తేవడం ఎలా? తెచ్చాక మొదటి పని ఏంటి? డబ్ల్యూడీ-40 (తుప్పు వదిలించే స్ప్రే) కొట్టమని పక్కింటాయన సలహా ఇచ్చాడు.

రిలే_రావు
పక్కింటాయన్ని మెషిన్ దగ్గరికి రానివ్వకు. ఆ స్ప్రే స్టెప్పర్లలో (ఒక్కో మెట్టు చొప్పున తిరిగే స్విచ్‌లు) కొడితే మొదట బాగున్నట్టే ఉంటుంది, తర్వాత దుమ్ముతో కలిసి జిగురవుతుంది. అసలు సమస్యే పాత గ్రీజు గట్టిపడటం, దాన్ని విప్పి ఆల్కహాల్‌తో పూర్తిగా తుడిచెయ్యాలి. స్విచ్ కొనలకి ఉప్పుకాగితం కూడా వద్దు, వాటికోసం సన్నని ఆకురాయి పట్టీ దొరుకుతుంది, దాంతో ఒకటి రెండు సార్లు లాగితే చాలు.

తెచ్చేటప్పుడు ముందు బంతి బయటికి తియ్యి. తలపెట్టె అద్దం తీసి దుప్పట్లో చుట్టి విడిగా నిలబెట్టు, పడుకోబెట్టకు. తలపెట్టెకి, కింది పెట్టెకి మధ్య లావుపాటి ప్లగ్గులుంటాయి, ఏది ఎక్కడిదో ఫోటో తీసుకుని ఊడదియ్యి, తర్వాత బోల్టులు. కాళ్ళు ఆఖర్న. మొత్తం 100 కిలోల పైనే ఉంటుంది, బేస్‌మెంట్ మెట్లెక్కించాలి కాబట్టి ఒక్కడివే హీరోయిజం చెయ్యకు.

ఇంటికొచ్చాక కొత్త మూడు పిన్నుల వైరు వేసి ఎర్తింగ్ ఇవ్వు, ఫ్యూజులు సరైన రేటింగ్‌వేనా చూడు. ఫ్యూజ్ పోయిన చోట వెండి రేకు చుట్టి నడిపినవి చాలా చూశా. ఆ తర్వాతే కరెంటు. బల్బులు మార్చేటప్పుడు 44 నంబరువి కాకుండా 47 నంబరువి పెట్టు, అవి 250 బదులు 150 మిల్లీఆంప్‌లే తాగుతాయి, అద్దానికి వేడి తగ్గుతుంది, ఆ మూల ఇంకా లేవకుండా ఉంటుంది.

రమణి_రెడింగ్
ఎలుక గూడు తీసేటప్పుడు మాస్కు, గ్లవ్స్ వేసుకోండి. ఫోటోలు ముందువీ తర్వాతవీ రెండూ పెట్టాలి, ఊరికే మాట చెప్తే కుదరదు.

డల్లాస్_దొర
700కి వచ్చిందా, నాకూ డల్లాస్ దగ్గర ఏదైనా కనపడితే చెప్పండి. ఊరికే అడుగుతున్నా.

శీను_నోవై
దొరా 😀 శనివారం పొద్దున ట్రక్ మాట్లాడా. మెట్లెక్కించడానికి ఇంకో ఇద్దరు కావాలి, ట్రాయ్, కాంటన్ వైపు వాళ్ళు ఎవరైనా ఉంటే మెసేజ్ చెయ్యండి, మధ్యాహ్నం బిర్యానీ మా ఇంట్లోనే.

కోఠి_చిల్లర
నేను రాలేను కానీ, అట్ట టికెట్ల సంగతి ఎవరూ చెప్పలేదు. రైల్వే పాత ప్రింటింగ్ ప్రెస్‌లో పనిచేసినవాళ్ళు ఎవరైనా ఉంటే ఆ పాత టికెట్ అట్ట మందం ఎంతో చెప్పండి.